మొదటి గంట మోగకముందే

రేపు బడి అనగానే టీచరు మనసులో ముందుగా మెదిలేది పాఠం కాదు. ఏడున్నర బస్సు దొరుకుతుందా, హాజరు యాప్‌లో ముఖం చూపించే వేళకు నెట్‌వర్క్ ఉంటుందా, ఎంఈఓ గ్రూపులో అడిగిన యూడైస్ వివరాలు పంపామా లేదా, మధ్యాహ్నం వంట చేసే ఆమె వస్తుందా, ఎనిమిదో తరగతి చివరి బెంచీవాళ్లు ఏం తలపెడతారు... ఇవన్నీ అయ్యాక ఎక్కడో చివర్న భిన్నాల పాఠం గుర్తొస్తుంది.

ఇందులో టీచరు తప్పేమీ లేదు. డీఎడ్‌లోనో బీఎడ్‌లోనో మనకు పాఠ్య ప్రణాళిక రాయడం నేర్పారు. లక్ష్యాలు, బోధనోపకరణాలు, మూల్యాంకనం అంటూ గళ్లు గీసి నింపాం, సంతకాలు పెట్టించుకున్నాం. ఆ గళ్లలో ఏ ఒక్కటీ ‘ఆ పూట నీ మనసు ఎలా ఉంటుంది?’ అని అడగలేదు. పాఠం నిలబడేదీ పడిపోయేదీ చాలాసార్లు ఆ అడగని గడిలోనే.

అమెరికాలో ఫిలిప్ జాక్సన్ అనే విద్యావేత్త ప్రాథమిక తరగతుల్లో కూర్చుని, అక్కడ జరిగేదంతా గమనించి 1968లో ఒక పుస్తకం రాశాడు. ప్రాథమిక తరగతి టీచరుకూ పిల్లలకూ మధ్య ఒక్క రోజులో వెయ్యి దాకా మాటా మాటా నడుస్తుందని అందులో తేల్చాడు. ఐదు తరగతులకూ ఒకే టీచరు ఉన్న మన బడుల్లో ఆ లెక్క ఎక్కడికి పోతుందో చెప్పనక్కర్లేదు. ‘సార్, వీడు నా పెన్సిల్ తీసుకున్నాడు.’ ‘మేడం, నీళ్లకు పోతా.’ ‘టీచర్, మా తమ్ముడు ఏడుస్తున్నాడు.’ ప్రతి మాటకూ అప్పటికప్పుడు ఒక చిన్న నిర్ణయం. మధ్యాహ్నం మూడు దాటాక మన గొంతు ఎందుకు పెరుగుతుందో ఇక్కడ తెలుస్తుంది. పిల్లలు పొద్దుటికీ ఇప్పటికీ మారలేదు. మన ఓపికే అయిపోయింది.

అందుకే ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఒక్కటే: ముందే తేల్చుకోగలిగినవి ముందే తేల్చుకోండి, తేల్చుకోలేని వాటికి మనసులో కాస్త చోటు ఉంచండి. రోజంతా ఎలా నడవాలో బొమ్మ గీసుకుని వెళ్లమని నేను అనను. అలా వెళ్లినవాళ్లకు రెండో పీరియడ్‌కే నీరసం వస్తుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పేయాలి. ఉదయం ఐదింటికి లేచి అరగంట ధ్యానం చేయండి, డైరీ రాయండి అని సలహా ఇచ్చే పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిని రాసినవాళ్లు ఒక టీచరమ్మ ఇంట్లో ఉదయం ఐదింటికి వంటగది ఎలా ఉంటుందో చూసి ఉండరు. ఇద్దరు పిల్లల లంచ్ బాక్సులు, అత్తగారి మందులు, పొయ్యి మీద పాలు. ఆమెకు కొత్తగా అరగంట ఎక్కడి నుంచీ రాదు. నేను చెప్పేవన్నీ ఉన్న సమయంలోనే, చేస్తున్న పనుల మధ్యనే ఇమిడేవి.

సాయంత్రం నాలుగింటికి మొదలు

రేపటి తయారీ రేపు ఉదయం మొదలు కాదు, ఈ రాత్రీ కాదు. చివరి గంట కొట్టి పిల్లలు గేటు దాటగానే మొదలవుతుంది. ఆ ఐదు నిమిషాలు కుర్చీలోంచి లేవకండి. తరగతి గది ఇంకా వేడి మీదే ఉంటుంది, బోర్డు మీద రాసింది అలాగే ఉంటుంది, ఎవరు తెల్లమొహం వేశారో కళ్ల ముందే ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి ఇవేవీ గుర్తుండవు. అప్పటికి మిగిలేది చికాకు ఒక్కటే.

ఒక చీటీ మీద మూడు ముక్కలు రాసి పాఠ్యపుస్తకంలో పెట్టండి. ఉదాహరణకు: ‘6బి. సజాతి భిన్నాల వరకు అయింది. కిటికీ వైపు వరసకు ఎక్కలేదు. రేపు మడత కాగితాలతో మొదలు.’ అంతే. దీన్ని ఎవరికీ చూపించక్కర్లేదు, ఎవరూ సంతకం పెట్టరు. చీటీ రాశాక ఆ పాఠాన్ని బడిలోనే వదిలి రావచ్చు. రేపు ఎక్కడ పట్టుకోవాలో తెలిసిన పని రాత్రిపూట మనల్ని అంతగా పీకదు. ఎక్కడ వదిలామో తెలియని పనే నిద్రలో కూడా తిరుగుతుంది.

నోటు పుస్తకాల కట్ట సంగతి కూడా ఇక్కడే. నలభై పుస్తకాలు సంచిలో వేసుకుని ఇంటికి మోసుకెళ్లి, తెరవకుండా మర్నాడు మళ్లీ మోసుకొచ్చే టీచర్లు ప్రతి బడిలోనూ ఉన్నారు. ఆ కట్ట భుజానికన్నా మనసుకు బరువు. పది పుస్తకాలు తీసుకెళ్లండి, పదీ దిద్దండి. లేదా అసలు తీసుకెళ్లకండి.

తప్పు జవాబును ముందే వినడం

పాఠం సిద్ధం చేసుకోవడం అంటే చాలామంది తాము ఏం చెప్పాలో సిద్ధం చేసుకుంటారు. అది సగమే. మిగతా సగం, పిల్లలు ఏం చెబుతారో ముందుగా వినడం. అందులోనూ వాళ్లు చెప్పబోయే తప్పును వినడం. ఇది ఏ పుస్తకం తెరవకుండా, ఇడ్లీ ప్లేట్లు కుక్కర్లో పెట్టి ఆవిరి పట్టేలోగా చేయగలిగిన పని.

భిన్నాలే తీసుకుందాం. బోర్డు మీద 1/3, 1/4 రాసి ఏది పెద్దదని అడగబోతున్నారు. తరగతిలో సగం మంది 1/4 అంటారు. ఎందుకంటారో కాసేపు వాళ్ల వైపు నుంచి చూడండి. మూడు కంటే నాలుగు పెద్దదని ఒకటో తరగతి నుంచి మనమే నేర్పాం. వాళ్లు నేర్చుకున్న నియమాన్నే ఇక్కడా వాడారు. అంటే ఆ జవాబు నిర్లక్ష్యం వల్ల రాలేదు, పాత పాఠాన్ని నమ్మడం వల్ల వచ్చింది. ఈ సంగతి ముందురోజే తట్టిన టీచరుకు ఆ తప్పు వినగానే విసుగు రాదు. తాను ఎదురుచూస్తున్న జవాబే వచ్చింది కాబట్టి లోపల కాస్త సంతోషం కూడా కలుగుతుంది. తట్టని టీచరు మాత్రం ‘నిన్ననేగా చెప్పాను!’ అంటారు. ఆ మాటతో మాట్లాడుతున్న పిల్లాడే కాక, చెయ్యి ఎత్తబోయిన మరో ఆరుగురు కూడా ఆగిపోతారు.

తర్వాత ఏం చేస్తారో కూడా అప్పుడే అనుకోండి. పాత పరీక్ష పేపర్లను ఒకే కొలతలో ముక్కలు చేసి, ఒకదాన్ని మూడు సమభాగాలుగా, ఇంకోదాన్ని నాలుగు సమభాగాలుగా మడిపించాలి. ఒక్కో భాగానికి రంగు వేయించి పక్కపక్కన పెట్టమనాలి. ‘ఒకే రొట్టెను ముగ్గురు తింటే నీకు ఎక్కువ వస్తుందా, నలుగురు తింటేనా?’ అని అడగాలి. మూడు సమభాగాలుగా మడవడం పిల్లలకు నాలుగు కంటే కష్టమని ఇక్కడే మీకు గుర్తొస్తుంది. మూడు మడతల కాగితాలు ముందే మీరు చేసి తెచ్చుకోవాలనీ తడుతుంది. క్లాసులో పది నిమిషాలు గోల అయ్యాక తెలిసే సంగతి వంటింట్లోనే తెలిసిపోయింది. మానసిక తయారీ అనే పెద్ద మాటకు నాకు తెలిసిన అసలు అర్థం ఇదే: రేపటి గదిలోకి ఈరోజే ఒకసారి వెళ్లి రావడం.

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతారన్నది కూడా ముందే నిర్ణయించుకోదగ్గ విషయం. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల సంభాషణలు రికార్డు చేసి చూసింది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. మూడు సెకన్లో, ఇంకొంచెమో ఆగినచోట జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు వినడానికి చిన్నవే. నలభై మంది కళ్లు మీ మీద ఉండగా, పక్క గదిలో ఎక్కాలు గట్టిగా వల్లిస్తుండగా మౌనంగా నిలబడితే తెలుస్తుంది ఎంత పొడవో. అప్పటికప్పుడు అనుకుంటే కుదరదు. ‘రేపు మూడో పీరియడ్‌లో ఒక్క ప్రశ్న దగ్గర మనసులో మూడు అంకెలు లెక్కపెడతాను’ అని ముందే అనుకుంటేనే సాధ్యం.

ఇంత చేసినా రోజు మనం అనుకున్నట్టు నడుస్తుందన్న హామీ లేదు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా వకీలు వృత్తి వదిలి పిల్లల చదువులోకి వచ్చాడు. 1920లో భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించాడు. ఆయన రాసిన ‘దివాస్వప్న’లోని టీచరు కొత్త ప్రయోగాలు చేయాలన్న ఉత్సాహంతో నాలుగో తరగతిలో అడుగుపెడతాడు. రాత్రంతా ఆలోచించి వేసుకున్న పథకం ప్రకారం పిల్లల చేత మౌనం ఆట ఆడించబోతాడు. పిల్లలు రకరకాల కూతలు కూసి ఆ ఆటను గంగలో కలుపుతారు. మర్నాడు అతను మౌనం ఊసెత్తకుండా కథ మొదలుపెడతాడు, తరగతి అతని చేతికి వస్తుంది. ఈ ఘట్టం కొత్తగా డీఎస్సీలో ఎంపికై వచ్చే ప్రతి టీచరూ చదవాలని నా అభిప్రాయం. మొదటి రోజు పథకం పోయిందని అతను పిల్లల్ని తిట్టుకోలేదు, తనను తానూ తిట్టుకోలేదు. ఆ రాత్రి మళ్లీ కూర్చుని ఇంకో దారి వెతికాడు.

ఆ ఒక్క పిల్లాడు

ప్రతి టీచరు మనసులోనూ ఒక పిల్లాడు ఉంటాడు. ఒక్కోసారి పిల్ల. బడి గుర్తు రాగానే ముందు వాడి ముఖమే కనిపిస్తుంది. వాడు ఆబ్సెంట్ అని తెలిస్తే లోపల హాయిగా ఉంటుంది. ఆ హాయిని బయటకు ఒప్పుకోం గానీ స్టాఫ్ రూంలో అందరికీ తెలుసు.

వాడి కోసం పెద్ద వ్యూహం అక్కర్లేదు. రెండు విషయాలు తేల్చుకుని వెళ్లండి. మొదటిది, వాడితో రేపు మీరు అనబోయే మొదటి మాట. అది హోంవర్క్ గురించీ, నిన్నటి గొడవ గురించీ అయి ఉండకూడదు. ‘ఏరా, మీ బర్రె ఈనిందా?’ అయినా సరే, ‘నిన్న కబడ్డీలో బాగా పట్టావంట’ అయినా సరే. ఆ మాట మీరు ముందే ఎంచుకోకపోతే, అలవాటు ప్రకారం నోట్లోంచి వచ్చేది ‘నువ్వు మళ్లీ మొదలుపెట్టావా’ అన్నదే.

రెండోది, వాడు రెచ్చగొట్టినప్పుడు మీరు చేసే పని. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం బెత్తం తీసేసింది సరే, దాని స్థానంలో ఏం చేయాలో శిక్షణల్లో ఒక స్లైడు చూపించి వదిలేశారు. అందుకే కోపం వచ్చినప్పుడు చేతికి పాత అలవాటే తగులుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ చేసిన పరిశోధనలు ఇక్కడ పనికొస్తాయి. ‘నేను ఓపికగా ఉంటాను’ అన్న సాధారణ సంకల్పం కంటే, ‘ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను’ అని ముడి వేసుకున్న నిర్ణయం ఎక్కువగా ఆచరణలోకి వస్తుందని ఆయన చూపించాడు. ‘వాడు పాఠం మధ్యలో బల్ల కొడితే, నేను మాట ఆపకుండా నడుస్తూ వెళ్లి వాడి బెంచీ పక్కన నిలబడి పాఠం కొనసాగిస్తాను.’ ఈ ఒక్క వాక్యం తలలో ఉంటే చాలు. ఆ క్షణంలో ఆలోచించే పని ఉండదు, కాళ్లే నడుస్తాయి.

వాడి మీద మనం ముందే వేసేసిన ముద్ర సంగతి కూడా ఆలోచించాలి. రాబర్ట్ రోసెంథాల్, లెనోర్ జాకబ్సన్ అనే పరిశోధకులు కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో చేసిన ప్రయోగం చాలామంది విని ఉంటారు. లాటరీ తీసినట్టు ఎంచిన కొందరు పిల్లల గురించి ‘వీళ్లు ఈ ఏడాది బాగా ఎదుగుతారు’ అని టీచర్లకు చెప్పారు. ఏడాది చివర, ముఖ్యంగా ఒకటి, రెండు తరగతుల్లో, ఆ పిల్లలకు తెలివితేటల పరీక్షలో మార్కులు మిగతావాళ్ల కంటే ఎక్కువగా పెరిగాయి. ఆ ఫలితం ఎంత పెద్దదన్న దానిమీద తర్వాత చాలా వాదనలు జరిగాయి, కాబట్టి నమ్మకం ఉంటే చాలు పిల్లలు మారిపోతారని నేను చెప్పను. మనం ఏ పిల్లాడి దగ్గర ఎంతసేపు ఆగుతామో, ఎవరి తప్పును ఎలా దిద్దుతామో మన అంచనాను బట్టే ఉంటుందన్నది మాత్రం ఏ తరగతిలోనైనా వెనక కూర్చుని చూస్తే కనిపిస్తుంది.

ఇల్లు దాటాక

దారిలో మనసును పాడుచేసేవి రెండు. ఒకటి ఫోను. నిద్ర లేవగానే మండలం గ్రూపు తెరిస్తే ‘అత్యవసరం, పది గంటలలోపు పంపగలరు’ అని ఉంటుంది. చూశాక మీరు ఇంట్లోనూ ఉండరు, బడిలోనూ ఉండరు. చూడకుండా ఉండలేమన్నది నిజమే, ఉద్యోగం కదా. చూసే వేళను మాత్రం మీరు పెట్టుకోవచ్చు: బస్సు ఎక్కాక ఒకసారి, ప్రార్థన అయ్యాక ఒకసారి. వచ్చిన పనిని చీటీ వెనక రాసుకుంటే అది తల్లో తిరగడం ఆపుతుంది.

రెండోది తోటి టీచర్లతో కలిసి వెళ్లే కారు. డీఏ బకాయిలు, పీఆర్సీ, బదిలీలు, ఎవరికి ఏ స్థానం వచ్చింది. ఈ మాటలు అవసరమే, వాటి వెనక న్యాయమైన బాధలున్నాయి. కానీ అవి గేటు దాకా సాగితే మొదటి పీరియడ్‌లో పిల్లలకు దక్కేది ఆ బాధల మిగులు. ఊరి పొలిమేర కనిపించగానే మాట మార్చే అలవాటు ఉన్న ఒక్క మనిషి కారులో ఉంటే చాలు. ఆ మనిషి మీరే కావచ్చు.

ప్రార్థనలో కళ్లు

ఉదయం ప్రార్థనను చాలామంది టీచర్లు వరుసలు సరిచేసే పనిగానే చూస్తారు. నా దృష్టిలో రోజు మొత్తంలో టీచరుకు దొరికే ఉత్తమ సమయం అది. మనం రోజూ చెప్పించే ప్రతిజ్ఞను 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులోనే రాశారు, దేశమంతా ఇప్పుడు దాన్నే చెబుతోంది. మనకు అది నిద్రలో లేపినా వస్తుంది. నోటికి పని ఉండి బుర్రకు పని లేని ఆ కొన్ని నిమిషాల్లో కళ్లను వాడండి.

రోజూ ముందు వరసలో నిలబడేవాడు వెనక్కి ఎందుకు వెళ్లాడు? ఆ అమ్మాయి జడ ఈరోజు ఎవరూ వేయలేదు, వాళ్లమ్మ ఊళ్లో లేదా? ఆ చిన్నోడు కడుపు పట్టుకున్నాడు, రాత్రి తిన్నాడా? ఈ చూపుతో లోపలికి వెళ్లిన టీచరు మొదటి పీరియడ్‌లో ఆ పిల్లను ‘హోంవర్క్ ఎందుకు చేయలేదు’ అని నిలబెట్టదు. ఇందుకు అదనంగా ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

లీజర్ పోయిన రోజు

మూడో పీరియడ్ లీజర్, నోట్సు దిద్దుకుందాం అనుకుంటారు. హెచ్‌ఎం కబురు: ‘సోషల్ సారు సెలవు, తొమ్మిదో తరగతికి వెళ్లండి.’ ఆ క్షణంలో వచ్చే కోపం న్యాయమైనదే, కానీ దాన్ని మోసుకుని వెళ్లేది ఏ పాపమూ ఎరగని తొమ్మిదో తరగతికి. ఇలాంటి రోజు కోసం ఏ తరగతికైనా సరిపోయే ఒక నలభై నిమిషాల పని మీ దగ్గర ఎప్పుడూ ఉండాలి. నాకు నచ్చింది: వాళ్ల ఊరి పటం జ్ఞాపకం మీద గీయించడం. చెరువు, గుడి, మసీదు, బస్టాండు, కిరాణా కొట్టు, తమ ఇల్లు. ఎవరి పటం సరైనదో వాళ్లే వాదించుకుంటారు. అందులో సోషల్ ఉంది, లెక్కలు ఉన్నాయి, భాష ఉంది, మీకు కాస్త ఊపిరీ ఉంది.

భోజనం తర్వాత పీరియడ్ గురించి ఒక్క మాట: అప్పుడు కొత్త పాఠం మొదలుపెట్టకండి, మీ చేతిలో ఉంటే.

ఇవి చాలనప్పుడు

ఆదివారం సాయంత్రం కాస్త దిగులు అందరికీ ఉంటుంది. అయితే బడి గుర్తు రాగానే వారాల తరబడి కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం, ఏ పిల్లాడి ముఖం చూసినా ఏమీ అనిపించకపోవడం ఉంటే ఈ చీటీలూ మూడు సెకన్లూ దానికి మందు కావు. డాక్టరును కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పని భారమే కారణమైతే అది మీ ఒక్కరి మనసు సరిచేసుకుంటే తీరేది కాదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప టీచర్లను బోధనేతర పనులకు వాడకూడదు. ఈ సంగతి సంఘం సమావేశాల్లో గట్టిగా అడగవలసిందే. వ్యక్తిత్వ వికాసం పేరుతో వ్యవస్థ లోపాన్ని టీచరు నెత్తిన పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇక ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక చీటీ తీసుకోండి. రేపటి మొదటి పీరియడ్ ఏ తరగతికో, మీరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో, దానికి పిల్లలు చెప్పబోయే తప్పు జవాబు ఏమిటో రాయండి. రాసి పాఠ్యపుస్తకంలో పెట్టాకే తర్వాతి అధ్యాయం తెరవండి.